జెండర్ గొడవ.. ఇదో కొత్త మతమా?

మా స్కూల్ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో ఇరవై మూడు మందిమి ఉన్నాం. పదేళ్లుగా అందులో బర్త్‌డే కేకులు, మీమ్స్, శుభలేఖలు తప్ప పెద్దగా ఏమీ నడవలేదు. 2025 ఏప్రిల్ 16న మాత్రం గ్రూపు తగలబడింది.

మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న మావాడొకడు ఆ రోజు బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు లింక్ పెట్టాడు. అక్కడి సమానత్వ చట్టంలో 'మహిళ' అంటే పుట్టుకతో మహిళ అనే అర్థమని ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చారు. లింక్ కింద మావాడి మాట: "ఇన్నాళ్లూ దీన్నో మతంలా రుద్దారు. ఇప్పటికి తెలివొచ్చింది."

బెంగళూరులో ఉండే అమ్మాయి వెంటనే అందుకుంది. "మతంలా మాట్లాడుతోంది నువ్వే. ఆడ, మగ తప్ప ఇంకేం లేదని ఏ దేవుడొచ్చి చెప్పాడు నీకు?"

రాత్రి పన్నెండు దాకా సాగింది. చివరికి ఇద్దరూ గ్రూపులోంచి ఎగ్జిట్ అయ్యారు.

నేను ఒక్క ముక్క రాయలేదు. మా పెద్దమ్మ బిడ్డ ట్రాన్స్ మహిళ. ఒకప్పుడు 'అన్నయ్యా' అని పిలిచేవాణ్ని, ఇప్పుడు 'అక్కా' అంటున్నా. ఈ సంగతి గ్రూపులో ఎవరికీ తెలీదు. ఆ రాత్రి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కానీ ఆ 'మతం' అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. నిజంగానే ఇది మతమా?

పోలిక ఎంతవరకు?

మతం అనేవాళ్ల వాదన ఇలా ఉంటుంది. మనిషి లోపల 'జెండర్ ఐడెంటిటీ' ఉంటుందంటారు. దాన్ని ఎవరూ చూడలేరు, కొలవలేరు. ఆ మనిషి చెప్తేనే తెలుస్తుంది. మరి ఇది ఆత్మ లాంటిదే కదా? పైగా ఈ శిబిరానికి మంత్రంలా వల్లించే నినాదాలున్నాయి. అనుమానం అడిగినవాళ్లను వెలివేయడమూ ఉంది.

కొట్టిపారేయలేం. కాకపోతే అవతలి శిబిరంలోనూ అన్నీ ఇవే! అక్కడా పదేపదే చెప్పే నినాదం ఉంది. 'నేను కళ్లు తెరిచాను' అనే మతమార్పిడి కథలున్నాయి. ట్రాన్స్ వ్యక్తి కోరిన పేరుతో పిలిచినవాణ్ని 'లొంగిపోయాడు' అని తిట్టడం ఉంది. 'సైన్స్' అన్న మాటను కూడా శాస్త్ర వాక్యంలా, ఇక చర్చ లేదన్నట్టు వాడేస్తారు.

ఫ్రాన్స్ సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లోనే మతాన్ని దేవుడితో ముడిపెట్టకుండా వివరించాడు. కొన్నింటిని పవిత్రంగా భావించడం, వాటి చుట్టూ నమ్మకాలు, ఆచారాలు ఏర్పడటం, వాటితో కొందరు ఒక సమూహంగా కలవడం.. ఇదీ ఆయన లెక్క. ఈ లెక్కన చూస్తే మన హీరోల ఫ్యాన్స్ కూడా చాలా దగ్గరికొస్తారు. కటౌట్‌కి పాలాభిషేకం చేసేది మనమే కదా!

అంటే మతంతో పోలిక గుంపు ఎలా ప్రవర్తిస్తుందో చెప్తుంది. ఎవరిది నిజమో చెప్పదు. భూమి గుండ్రంగా ఉందనే మాటను ఎవరైనా భజన చేస్తూ చెప్పినా భూమి గుండ్రంగానే ఉంటుంది.

కోర్టుకెక్కిన నమ్మకం

మావాడు తిట్టుగా వాడిన ఈ పోలికను బ్రిటన్ న్యాయస్థానాలు చాలా సీరియస్‌గా పట్టించుకున్నాయి. ఈ సంగతి నాకు గొడవయ్యాక చదివితేగానీ తెలీలేదు.

అక్కడి 2010 సమానత్వ చట్టం 'మతం లేదా నమ్మకం' కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదంటుంది. ఏది నమ్మకం, ఏది ఉత్త అభిప్రాయం? దీనికి 2009లో ఒక కేసులో ఐదు పరీక్షలు పెట్టారు. నమ్మకం మనస్ఫూర్తిగా ఉండాలి. అప్పటికున్న సమాచారాన్ని బట్టి ఏర్పడ్డ అభిప్రాయం మాత్రమే అయితే సరిపోదు. జీవితంలో బరువైన విషయం గురించి అయ్యుండాలి. అందులో ఓ పొందిక, గంభీరత ఉండాలి. చివరిది, ప్రజాస్వామ్యంలో గౌరవించదగ్గదై ఉండాలి, అంటే ఇతరుల హక్కుల్నీ మనిషి గౌరవాన్నీ దెబ్బతీయకూడదు.

ఈ పరీక్షల్లో వాతావరణ మార్పుపై నమ్మకం పాసైంది. 2020లో వీగనిజం పాసైంది. 2022లో స్కాట్లాండ్‌లో ఒకాయన నలభై ఏళ్లకు పైగా రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్బును ప్రాణంగా చూసుకుంటున్నానంటే, అది జీవనశైలే గానీ తాత్విక నమ్మకం కాదన్నారు. ఫ్యాన్స్ క్షమించాలి!

జెండర్ విషయంలో పెద్ద కేసు మాయా ఫోర్‌స్టేటర్‌ది. పుట్టుకతో వచ్చిన లింగం మారదని ఆమె ట్వీట్లు పెట్టింది. పనిచేస్తున్న పరిశోధన సంస్థ ఆమె కాంట్రాక్టును పొడిగించలేదు. 2019 డిసెంబర్‌లో ట్రిబ్యునల్ ఆమె నమ్మకం ఐదో పరీక్షలో ఫెయిలంది. 2021 జూన్‌లో అప్పీలులో అది తిరగబడింది. ఆమె నమ్మకానికి చట్టం రక్షణ ఉందన్నారు. 2022లో ఆమె వివక్షకు గురైందని కూడా తేలింది.

నాకు నచ్చింది అప్పీలు తీర్పులో ఇంకో భాగం. ఈ చర్చలో ఏ పక్షం రైటో మేం చెప్పట్లేదని అందులో స్పష్టంగా రాశారు. ఈ రక్షణ ఉంది కదాని ట్రాన్స్ వ్యక్తుల్ని ఇష్టమొచ్చినట్టు సంబోధించి వేధించే లైసెన్సు దొరికినట్టు కాదన్నారు. మరుసటి ఏడాది ఒక క్రైస్తవ డాక్టర్ కేసులో ఈ తేడా బయటపడింది. ట్రాన్స్ వ్యక్తులు కోరినట్టు వాళ్లను సంబోధించనని ఆయన పట్టుబట్టాడు. ఆయన నమ్మకానికి రక్షణ ఉందన్నారు, కానీ కేసు మాత్రం ఓడిపోయాడు.

మనసులో ఏది నమ్మినా నీ ఇష్టం, ఎదుటివాడితో ఎలా ఉంటావన్నది వేరే లెక్క. గ్రూపులో మావాళ్లిద్దరూ తెల్లారేదాకా అరుచుకున్నా చేరని చోటికి కోర్టు ఇలా చేరింది.

అన్నీ నమ్మకాలు కావు

అలాగని అంతా 'ఎవరి నమ్మకం వారిది' అనేసి చేతులు దులుపుకోలేం. కొన్ని ప్రశ్నలకు ఆధారాలే కావాలి. ఇంగ్లండ్‌లో డాక్టర్ హిలరీ కాస్ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక, పిల్లలకు యుక్తవయసును ఆపే మందుల విషయంలో పరిశోధనల ఆధారం బలహీనంగా ఉందని చెప్పింది. దాంతో విభేదించిన డాక్టర్లూ ఉన్నారు. ఇది పరిశోధనతో తేల్చాల్సిన విషయం. 'నువ్వు మా వైపా, వాళ్ల వైపా' అని తేల్చేది కాదు.

ఇంకొన్నింటికి ప్రభుత్వం ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. ఐడీ కార్డు మీద ఏం రాయాలి? ఆస్పత్రిలో ఏ వార్డు? మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో శరీర పరీక్ష కాదు, మనిషి మనసే ముఖ్యమంది. తన జెండర్ ఏమిటో తాను నిర్ణయించుకునే హక్కు ఉందంది. పదకొండేళ్ల తర్వాత బ్రిటన్ కోర్టు తన చట్టంలోని పదాన్ని ఇంకోలా చదివింది. అయితే ట్రాన్స్ వ్యక్తులకు వివక్ష నుంచి రక్షణ అలాగే ఉంటుందని ఆ తీర్పూ చెప్పింది.

ఈ నిర్ణయాల బరువు ఎంతో తెలియాలంటే లండన్ దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ సంస్థానంలో 1919లో హిజ్రాలపై ఓ చట్టం వచ్చింది. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అంటే నేను ఫోన్‌లో రీల్స్ చూస్తున్న రోజుల్లో కూడా ఆ చట్టం పుస్తకంలో ఉంది!

గ్రూపు గొడవ గురించి అక్కకు చెప్తే నవ్వింది. "మీరంతా నేను మతమా, సైన్సా అని కొట్టుకోండి. నాకు మాత్రం అద్దెకు ఇల్లు దొరకట్లేదు."

పీర్లకు ఊదు

ఆ తర్వాత నెలలో వరంగల్‌లో పెద్దమ్మవాళ్ల గృహప్రవేశం. అక్క మూడేళ్ల తర్వాత ఇంటికొస్తోంది. మామయ్య ముందురోజే తేల్చేశాడు. "వస్తే రానీ. నేనైతే అమ్మాయి అని పిలవను. నాకు మనసొప్పది."

పెద్దమ్మ పప్పు కడుగుతూనే అంది. "నాకైతే సమజైందా తమ్మీ? గని బువ్వకు పిలవాలె గదా, ఏదో ఒక పేరు పెట్టి! పీర్ల పండుగకు మనం ఊదు ఎయ్యమా? అట్లని మతం మారినమా?"

మామయ్య మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పంక్తిలో అక్క నా పక్కనే కూర్చుంది. మామయ్య పులిహోర గిన్నెతో మా దగ్గరికొచ్చి ఆగాడు. నాకు గుండె దడదడలాడింది. ఆయన అక్క విస్తట్లో రెండు గరిటెలు వేసి, "సాలా? ఇంకొంచెం ఎయ్యనా బిడ్డా?" అన్నాడు.

మా వైపు 'బిడ్డా' అని కూతుర్నీ అంటారు, కొడుకునీ అంటారు. ఆయన ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు. ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. మన తెలుగులో 'వచ్చాడు', 'వచ్చింది' అని తేడా చూపించాల్సింది మనిషి గురించి వేరేవాళ్లతో చెప్పేటప్పుడే. ఎదురుగా కూర్చున్న మనిషితో 'వచ్చావా, తిన్నావా' అనడానికి ఆ తేడా అక్కర్లేదు.

ఆ రాత్రి మా గ్రూపులో అక్కతో దిగిన సెల్ఫీ పెట్టాను. 'మా అక్క' అని రాశాను. ఎగ్జిట్ అయిన ఇద్దరికీ విడివిడిగా పంపాను. బెంగళూరు నుంచి హార్ట్ వచ్చింది. మాంచెస్టర్ నుంచి చాలాసేపు 'టైపింగ్' అని కనిపించి, చివరికి ఒక్క లైన్ వచ్చింది.

"ఎప్పుడూ చెప్పలేదేంట్రా?"