ఖర్చు వాళ్ళది, ముందుచూపు మనది

మీ ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లలున్నారా? అయితే స్టవ్ సిమ్‌లో పెట్టి ఈ నాలుగు ముక్కలు చదవండి. విదేశం అనగానే మనకి బ్యాంకు లోనూ, పొలం తాకట్టూ గుర్తొస్తాయి. ఎదురు డబ్బిచ్చి పిల్లలకు పరిశోధన నేర్పేవాళ్ళున్నారని 2023లో మా పెద్దమ్మాయి చెప్పేదాకా నాకూ తెలియదు.

అది అప్పుడు ఎన్.ఐ.టి.లో కెమికల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం. "ఎండాకాలం సెలవుల్లో జర్మనీ వెళ్తానమ్మా, ఖర్చు వాళ్ళే ఇస్తారు" అంది. మా అత్తయ్యగారు "ఊరికే ఎవరిస్తారే, అందులో ఆడపిల్లకి!" అని కొట్టిపారేశారు. నిజం చెప్పొద్దూ, నా అనుమానమూ అదే.

ఇచ్చేది డి.ఎ.ఎ.డి. అనే జర్మనీ సంస్థ. పిల్లలంతా 'డాడ్' అంటారు. 1925లో పుట్టింది, ఎక్కువ భాగం అక్కడి ప్రభుత్వ సొమ్ముతోనే నడుస్తుంది. మన దేశంలో ఎంపిక చేసిన కాలేజీల్లో సైన్సు, ఇంజనీరింగు చదివే పిల్లల కోసం 'వైజ్' అనే పథకం పెట్టింది. రెండు మూడు నెలలు అక్కడి విశ్వవిద్యాలయంలోనో, పరిశోధనాలయంలోనో పనిచేయాలి. 2024 వేసవిలో వెళ్ళిన మా అమ్మాయికి నెలకు 900 యూరోల పైచిలుకు, దారి ఖర్చులకు కొంత, ఆరోగ్య బీమా ఇచ్చారు. దరఖాస్తుకి ఫీజు లేదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో ఒకాయన "నేను ఇప్పిస్తాను, 60 వేలు కట్టండి" అన్నాడు. మావారు దాదాపు కట్టేయబోయారు!

డబ్బు కంటే కష్టం, తీసుకునే ప్రొఫెసర్ని పిల్లలే వెతుక్కోవడం. ఆయన 'రమ్మని' ఉత్తరం ఇస్తేనే దరఖాస్తు. ఆగస్టు నుంచి అది నలభై మందికి రాసింది. మొదటి ఇరవై ఒకే మూసలో పోసిన ఉత్తరాలు, ఒక్క జవాబూ రాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరి పరిశోధన చదివి, అందులో తనకేం ఆసక్తో రాసింది. ముగ్గురు పలికారు, ఒకాయన సరేనన్నారు. ఆఖెన్ అనే ఊళ్ళో నీటిని వడకట్టే పొరల మీద పని. మన వంటింటి ఆర్.ఓ. ఫిల్టరులో ఉండే పొర లాంటిదేనట. అది చెప్పాక గానీ అత్తయ్యగారికి ఆ చదువేమిటో అర్థం కాలేదు.

ఇక మేం చేసిన తప్పు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశాం, అంతా కలిపి పేరు గడిలోనే రాసేశాం. మన పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ముందుంటుంది కదా, ఏది ఎక్కడ రాయాలో తోచలేదు. మళ్ళీ తీయించడానికి వారాలు పట్టింది. వీసా తేదీ దగ్గరపడుతుంటే నాకు రాత్రులు నిద్ర లేదు.

ఇంకొకటి. దారి ఖర్చు వాళ్ళిచ్చేది తర్వాత, టిక్కెట్టు కొనాల్సింది ముందు. గాజుల కోసం వేసిన చీటీ పాడేసి ఆ డబ్బిచ్చాను. తర్వాత అది పైసాతో సహా తిరిగిచ్చింది లెండి. (పచ్చడి కట్టేటప్పుడు నూనె కాస్త వంచేసి రెండు కవర్లలో వేడితో అతికించండి. మేం ఒకటే వేశాం, చుడీదార్లు మూడు పాడయ్యాయి.)

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో అమెరికా వెళ్ళినప్పుడు మామగారు సమకూర్చిన డబ్బు, మా కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఉన్నాయి. అక్కడ చాలక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. 1948లో చనిపోయేదాకా తిరిగి రానేలేదు. భార్య శేషగిరమ్మగారు ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ సంగతి తలుచుకుంటే మనసు అదోలా అవుతుంది.

అందుకే పెళ్ళయిన అమ్మాయిలున్న తల్లులకి ఒక మాట. పిహెచ్.డి. అయ్యాక జర్మనీలోనే హంబోల్ట్ ఫెలోషిప్ ఉంది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా. వెంట వెళ్ళే భర్తకీ, పిల్లలకీ కూడా భత్యం ఇస్తారు. అమెరికాకైతే ఫుల్‌బ్రైట్-నెహ్రూ. 1950లో కుదిరిన ఒప్పందం అది, 2008 నుంచి మన ప్రభుత్వమూ సొమ్ము కలుపుతోంది. దానికి గడువయ్యాక మన దేశం తిరిగి రావాలన్న షరతు ఉంటుంది. ఏ ఏడాది నిబంధనలు ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోమనండి, సీనియర్లు చెప్పిందే నమ్ముకుంటే తేదీ దాటిపోతుంది.

మా చిన్నమ్మాయికి ఇంటర్ అవగానే పాస్‌పోర్టుకి పెట్టాం. ఇంటిపేరు గడి నేనే మూడుసార్లు చదివాను.