కాలువ మీద రైలు స్టేషన్

అరుప్పుకోట్టై, విరుదునగర్, కోవిల్‌పట్టి ప్రాంతాల నుంచి వైద్యానికనో, చదువులకనో, పిల్లల్ని చూడాలనో మదరాసు వెళ్ళనివారు అరుదు. అక్కడ మిద్దెల ఎత్తున సాగే రైలును మీరు చూసే ఉంటారు. తమిళంలో దానిని 'పరక్కుం రయిల్' అంటారు, అంటే ఎగిరే రైలు. ఆ స్టేషన్లు ఎలా వచ్చాయి, వాటి అమరిక ఎలాంటిది? ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

ఈ మార్గం బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి దాకా సుమారు 19 కిలోమీటర్లు. 1995లో చేపాక్ వరకు, 1997లో తిరుమయిలై వరకు, 2004లో తిరువాన్మియూర్ వరకు, 2007లో వేళచ్చేరి వరకు రైళ్ళు నడిచాయి. బీచ్, కోట, పార్క్ టౌన్ స్టేషన్లు నేలమీదే ఉన్నాయి. ఆ తరువాత పట్టాలు పైకెక్కి చింతాద్రిపేట చేరతాయి.

కిక్కిరిసిన నగరంలో ఇంత పొడవైన చోటు ఎలా దొరికింది? సమాధానం బకింగ్‌హామ్ కాలువ. ఈ కాలువ మన తెలుగువారికి పరాయిది కాదు. ఒకప్పుడు ఆంధ్రతీరం నుంచి బియ్యం, ఉప్పు, వంటచెరకు పడవలమీద మదరాసు చేరింది ఈ దారినే. నగరం మధ్యలో కూవం, అడయారు నదులను కలిపే ముక్కను 1877-78లో, ఘోరమైన కరువు రోజుల్లో, కూలీలకు పని కల్పించేందుకు తవ్వించారు. నాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి స్థిరపడింది. కరిసల్ నేలలో బతికే మనకు కరువు పని అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

పడవలు ఆగిపోయాక ఆ కాలువ వెంబడే రైలు స్తంభాలు లేచాయి. ఇళ్ళు పెద్దగా కూల్చే పని లేకపోయింది. అది లాభం. అయితే స్తంభాలు, స్టేషన్ కట్టడాలు కాలువను ఇరుకు చేశాయి. తిరుమయిలై స్టేషనయితే కాలువ మీదనే నిలిచింది. వాననీటిని మోయవలసిన కాలువ ఇరుకైతే ఆ నీరు ఎక్కడికి పోతుంది? ఒడ్డున ఉన్న పేదల ఇళ్ళలోకే గదా!

మరోవైపు కూడా చూడాలి. వేళచ్చేరి నుంచి పరంగిమలకు సుమారు 5 కిలోమీటర్ల పొడిగింపులో, చివరి అర కిలోమీటరు భూసేకరణ తగాదాతో పని ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఇళ్ళ మీదుగా వెళితే మనుషులకు కష్టం, నీటి మీదుగా వెళితే ఊరికి కష్టం. పట్టణాలు పెరిగేచోట ఈ చిక్కు తప్పదు.

ఇక అమరిక. రోడ్డు మట్టంలో ప్రవేశం, ఆపైన విశాలమైన హాలు, అన్నిటికన్నా పైన పట్టాలు. చాలా స్టేషన్లలో రెండు పట్టాలు మధ్యన, ప్లాట్‌ఫారాలు చెరోపక్కన ఉంటాయి. కాబట్టి మెట్లెక్కకముందే మీ రైలు బీచ్ వైపా, వేళచ్చేరి వైపా అని బోర్డు చూసుకోండి. పొరపాటున రెండోపక్క ఎక్కితే మళ్ళీ దిగి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే ఇది చిన్న విషయం కాదు. లిఫ్టు పనిచేస్తున్నదో లేదో కిందనే అడిగి తెలుసుకోవడం మంచిది.

కొన్ని స్టేషన్ల హాళ్ళు ఎంత పెద్దవో అంత నిర్మానుష్యం. అంతమంది ప్రయాణికులు వస్తారని కట్టారు, వారు రాలేదు. చీకటిపడ్డాక ఒంటరిగా వెళ్ళే ఆడవారు జనం ఉన్న ద్వారం నుంచే రాకపోకలు సాగించడం క్షేమం.

ఎగ్మూరులో దిగినవారు లోకల్ రైలులో పార్క్ స్టేషన్ చేరి, అక్కడి నుంచి కొద్ది దూరం నడిచి పార్క్ టౌన్‌లో ఈ రైలు ఎక్కవచ్చు. ఎక్కాక కిటికీలోంచి ఒకసారి కిందికి చూడండి. అక్కడ నల్లగా కనిపించే నీరు, ఒకనాడు ఆకలిగొన్న చేతులు తవ్విన కాలువ. దాన్ని శుభ్రంగా ఉంచుకోవడం రైలును నడపడమంత అవసరమే. సెలవు.