ఆదివారపు కళాశాల

వారమంతయు విద్యార్థులతో కళకళలాడు కళాశాల ఆదివారమునాడు బోసిపోవును. గదులకు తాళములు పడును. బల్లలు, గ్రంథాలయము, ప్రయోగశాల అన్నియు ఊరక పడియుండును. ఆ ఊరిలోనే చదువుపై మక్కువ తీరనివారు పెక్కుమంది యుందురు. తండ్రి మరణింపగా బడి మాని దుకాణములో పనికి కుదిరిన యువకుడు, పెండ్లియై చదువు నిలిచిపోయిన గృహిణి, పగలెల్ల పొలమున శ్రమించు రైతు అట్టివారు. వీరికి ఆదివారము తప్ప తీరిక లేదు. మూతపడిన ఆ కళాశాలకును, తీరికలేని ఆ జనులకును పొత్తు కుదిర్చినది సార్వత్రిక విద్య.

బ్రిటను దేశమున 1969వ సంవత్సరమున సార్వత్రిక విశ్వవిద్యాలయ మొకటి వెలసినది. ఇంటివద్దనే యుండి చదువుకొనువారికై అది ఏర్పడినది. మన దేశమున ఇట్టి విశ్వవిద్యాలయము మొట్టమొదట తెలుగునాటనే స్థాపింపబడుట మనకు గర్వకారణము. 1982వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రారంభమైనది. ఆచార్య జి. రాంరెడ్డి దానికి తొలి ఉపాధ్యక్షులు. 1991వ సంవత్సరమున దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టిరి.

అయితే ఒక చిక్కు కలదు. విద్యార్థులు ఊరూర నున్నారు. విశ్వవిద్యాలయము ఒక్కచోట నున్నది. ప్రతి పట్టణమునను భవనములు కట్టి, అధ్యాపకులను నియమింపవలెనన్న కోట్లకొలది ధనమును, ఏండ్లకొలది కాలమును పట్టును. కావున ఉన్న కళాశాలలనే, అందును ముఖ్యముగా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలను, అధ్యయన కేంద్రములుగా జేసిరి.

ఈ పొత్తులో ఎవరి పని వారిది. పాఠ్యగ్రంథములు వ్రాయించి ముద్రించుట, పరీక్షలు జరుపుట, పట్టములిచ్చుట విశ్వవిద్యాలయము వంతు. గదులు, గ్రంథములు, ప్రయోగశాలలు సమకూర్చుట కళాశాల వంతు. కళాశాల అధ్యాపకులే సెలవుదినములందు వచ్చి విద్యార్థుల సందేహములు తీర్తురు. ఆకాశవాణియు, దూరదర్శనమును పాఠములను ప్రసారము చేసి తోడ్పడినవి.

ఇందలి పాఠ్యగ్రంథములు సామాన్య గ్రంథములవంటివి కావు. గురువు ఎదుట లేనపుడు గ్రంథమే గురువు కావలెను. అందుచే పాఠమును చిన్న చిన్న భాగములుగా విభజించి, మధ్య మధ్య ప్రశ్నలుంచిరి. చదువరి తనకెంత బోధపడినదో తానే సరిచూచుకొనవచ్చును. తెలుగులో ఈ గ్రంథములు వెలువడుటచే ఇంగ్లీషుకు జంకువారికి గొప్ప మేలు కలిగినది.

ఆరంభకాలమున మరొక ద్వారమును తెరచిరి. పూర్వము ఏ పరీక్షయందును ఉత్తీర్ణులు కాకున్నను, నిర్ణీతమైన వయస్సు నిండినవారు అర్హత పరీక్షలో నెగ్గి డిగ్రీ తరగతిలో చేరవచ్చునని నియమమేర్పరచిరి. బాల్యమున తప్పిన అవకాశము ఎందరికో నడివయస్సున తిరిగి లభించెను. కారాగారములకును ఈ విద్య చేరినది. హైదరాబాదు చెంతనున్న చర్లపల్లి కారాగారమున బందీలు సైతము చదివి పట్టములు పొందిరి.

ఇట్టి చదువు సులభమని తలంపరాదు. రోజంతయు పనిచేసి, రాత్రి దీపమువద్ద పుస్తకము తెరచుటకు పట్టుదల కావలెను. మందలించు గురువు లేడు. పోటీపడు తోటి విద్యార్థి లేడు. తనకు తానే గురువై, తనకు తానే శిష్యుడు కావలెను. అట్టివాడు అధైర్యపడి నడుమ విడువకుండ ఆపునది ఆదివారమునాటి తరగతియే. అచ్చట తనవంటివారు పదిమంది కనబడుదురు. కష్టము తనకొక్కనికే కాదని తెలిసి గుండె నిబ్బరమగును. కావుననే అధ్యయన కేంద్రము లేని దూరవిద్య సగము విద్యయే యగును.

ఒక సంస్థ తనకున్నదానిని తనలోనే దాచుకొన్నచో దాని మేలు కొందరికే దక్కును. విశ్వవిద్యాలయమునకు గ్రంథములు కలవు, గదులు లేవు. కళాశాలకు గదులు కలవు, ఆదివారము విద్యార్థులు లేరు. ఒకరి కొరతను మరియొకరు తీర్చుకొనగా, ఇరువురి గడపలును దాటలేని సామాన్యునకు చదువు చేరువైనది. విద్య పంచిన కొలది పెరుగునని పెద్దలందురు, విద్యాలయమును అంతియే.