విమానపు ప్రొపెల్లరు – ఇంజను చల్లదనము

చిన్న విమానములలో అధికభాగమునకు ఇంజనును చల్లార్చునది నీరు కాదు, గాలి. బెంగళూరులోని హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమువారు నిర్మింపగా 1958లో తొలిసారి ఎగిరిన ‘పుష్పక్’ విమానమును మన తలిదండ్రులలో పెద్దలు కొందరు చూచియే యుందురు. దాని 90 అశ్వశక్తి కాంటినెంటల్ ఇంజనునకు నీటితొట్టి లేదు. నాలుగు సిలిండర్లు ఇరుప్రక్కల రెండేసి చొప్పున పరుండి యుండును. వాని చుట్టును పలుచని లోహపు అంచులు వరుసగా నుండును. ముందున్న రంధ్రముల గుండ చొచ్చిన గాలి ఆ అంచుల నడుమ దూరి వేడిని గొనిపోవును. పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో సుమారు మూడవ వంతునకు మించి ప్రొపెల్లరును త్రిప్పుటకు రాదు, తక్కినది వేడియే. అందు చాలభాగము పొగగొట్టము వెంట పోయినను, మిగిలినదానిని గాలియే తీసివేయవలెను.

ఆ రంధ్రముల యెదుటనే ప్రొపెల్లరు తిరుగుచుండును. అది కొయ్యదైనను అల్యూమినియముదైనను ఇంజను చల్లదనము ఒకటియేనా? ఇట్లడిగినచో మా పైతరగతుల విద్యార్థులు, “లోహము మంచి ఉష్ణవాహకము; కావున అది వేడిని లాగివేయును” అందురు. పరీక్షకు పనికివచ్చు వాక్యమే గాని ఇచ్చట పనికిరాదు. సిలిండర్ల వేడిలో ప్రొపెల్లరు వరకు చేరునది అత్యల్పము. భేదమున్న మాట నిజము. కారణము మాత్రము రెక్క ఆకారమున నున్నది.

తిరుగునపుడు రెక్కను వెలికి లాగు బలమును, వంచు బలమును మొదటివద్దనే మిక్కుటము. కొయ్య అల్యూమినియపు మిశ్రలోహమంత దృఢమైనది కాదు. కావున బర్చి, మేపుల్ వంటి చెట్ల పలకలను అంటించి చెక్కిన రెక్కను మొదటివద్ద మిక్కిలి మందముగా ఉంచవలసివచ్చును. లోహపు రెక్కనైతే పలుచగా, ఇరుసు సమీపము వరకును రెక్క ఆకారముతోనే దిద్దవచ్చును. తాటాకు విసనకఱ్ఱకును రోకలికిని గల భేదమే ఇది. రోకలితో ఎంత విసరుకొన్నను గాలి రాదు గదా! పైగా ఆ మొదలు నెమ్మదిగా తిరుగు భాగము. నిమిషమునకు 2400 చుట్లు తిరుగునపుడు, నడిమి నుండి 90 సెంటీమీటర్ల దూరమున నున్న కొన సెకనుకు సుమారు 226 మీటర్ల వేగముతో పోవును. 15 సెంటీమీటర్ల వద్ద వేగము 38 మీటర్లే. గాలిరంధ్రములు ఈ మందగతి భాగము వెనుకనే యున్నవి.

ఆకాశమున వేగముగా పోవునపుడు ఈ లోపము అంతగా తెలియదు. గంటకు 160 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి ఒత్తిడి సుమారు 12 సెంటీమీటర్ల నీటి యెత్తునకు సమానము. వేగము సగమైనచో ఒత్తిడి సగము కాదు, నాలుగవ వంతే, అనగా 3 సెంటీమీటర్లు. నేలపై నిలిచియుండగా ఆ మాత్రమును లేదు. ప్రొపెల్లరు నెట్టిన గాలియే దిక్కు. పైకెక్కునపుడును చిక్కే: ఇంజను పూర్తిశక్తితో మండుచుండును, విమానము మెల్లగా పోవుచుండును. లైకమింగ్ కంపెనీవారి అనేక ఇంజనులకు సిలిండరు తల వేడి 500 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 260 డిగ్రీల సెంటీగ్రేడు, దాటరాదని నియమము. దాటినచో కవాటములు చెడును, సిలిండర్లు పగులును. ఎగురుచున్నపుడు అది ప్రాణాపాయము.

లోహమైనంత మాత్రమున మేలని తలపరాదు. కోణము మార్చుకొను లోహపు రెక్కలలో కొన్నింటికి మొదలు గుండ్రని కడ్డీవలె నుండును; అవియును అచ్చట గాలిని సరిగా నెట్టలేవు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కొన్ని అమెరికా విమానముల రెక్కల మొదళ్లకు రెక్క ఆకారముగల తొడుగులు అమర్చి ఇంజనులోనికి గాలిని హెచ్చించిరి. కార్బన్ నారతో చేయు నేటి రెక్కలను తేలికగాను, మొదటివరకు తీరుగాను పోతపోయవచ్చును.

అయినను యజమాని తన యిష్టానుసారము కొయ్యది తీసి లోహపుది బిగింపరాదు. దాని బరువువలన ఇరుసునకు ప్రమాదకరమైన కంపనము కలుగవచ్చును. పరీక్షించి ఆమోదించిన జతనే వాడవలెను. ఏ ప్రొపెల్లరైనను, ఎండవేళ నేలపై ఇంజనును పరీక్షించు వైమానికుడు విమానపు ముక్కును గాలికి ఎదురుగా త్రిప్పి నిలుపును.