ధ్రువకాంతులు

చలికాలం రాగానే ఉత్తర దేశాల పక్షులు సూళ్లూరుపేట దారి పడతాయి. సూదితోక బాతుల వంటివి మంచునేలలను విడిచి, వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి పులికాట్ సరస్సులో దిగుతాయి. వాటినీ, లోతులేని నీటిలో బారులు తీరి నిలిచే ఫ్లెమింగోలనూ, నేలపట్టు చెట్లపై గూళ్లు కట్టుకొనే గూడబాతులనూ చూడటానికి జనం తరలివస్తారు. సరిగ్గా ఆ నెలల్లోనే మనుషులలో కొందరు ఎదురుదారిన ప్రయాణమవుతారు. పక్షులు తప్పించుకొని వచ్చిన ఆ చలిలోకే, ఆకాశంలో ఒక వెలుగును చూడటానికి, ఎంతో సొమ్ము వెచ్చించి వెళతారు. ఆ వెలుగునే ఉత్తర ధ్రువకాంతి అంటారు. శాస్త్రజ్ఞులు దానికి 'అరోరా బొరియాలిస్' అని పేరు పెట్టారు.

ఈ యాత్రికులు ఎక్కువగా చేరే చోట్లలో నార్వే దేశపు ట్రోమ్సో ఒకటి. అది ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, ఒక ద్వీపంపై వెలసిన పట్టణం. సూళ్లూరుపేట సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండగా ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల వద్ద ఉంది. నవంబరు చివరి నుండి జనవరి నడుమ వరకు అక్కడ సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్న వేళ కొద్దిసేపు నీలికాంతి పరచుకొని మాయమవుతుంది. అయినా సముద్రంలోని వెచ్చని ప్రవాహం పుణ్యమా అని రేవు గడ్డకట్టదు. పగలు తీగలపై నడిచే బండిలో 421 మీటర్ల ఎత్తున్న కొండ ఎక్కవచ్చు. 1965లో నిర్మించిన త్రికోణాకారపు చర్చిని చూడవచ్చు. కుక్కలు లాగే మంచుబండ్లు ఎక్కవచ్చు. సామీ జాతివారు తమ రెయిండీర్ల మందలను చూపి, గుడారంలో నిప్పు చుట్టూ కూర్చోబెట్టి వేడి పులుసు వడ్డిస్తారు. ఇవన్నీ డబ్బిస్తే దొరికేవే. ధ్రువకాంతి మాత్రం అలా కాదు. మబ్బు కమ్మితే కనిపించదు. అందుకే బస్సులవారు నిర్మలాకాశాన్ని వెదుకుతూ ఒక్కొక్కసారి ఫిన్లాండు సరిహద్దు వరకు పోతారు. మూడు రాత్రులు మేలుకొని మబ్బును మాత్రమే చూసి తిరిగివచ్చేవారూ ఉంటారు.

ఇంతకూ ఆ వెలుగు ఎక్కడిది? సూర్యుని నుండి ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు ఎడతెగక వెలువడుతుంటాయి. ఈ సౌరపవనం సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో నాలుగు రోజులలో మనను చేరుతుంది. భూమి ఒక పెద్ద అయస్కాంతం కనుక దానిని చాలావరకు పక్కకు మళ్లిస్తుంది. అయితే ఆ తాకిడికి అయస్కాంత క్షేత్రంలో శక్తి పోగుపడి, ఎలక్ట్రాన్లు బలరేఖల వెంట ధ్రువప్రాంతాలపైకి దూసుకువస్తాయి. నూరు కిలోమీటర్లకు పైన అవి పలుచని గాలిని ఢీకొన్నప్పుడు ఆక్సిజన్ పరమాణువులు ఆకుపచ్చగానూ, ఇంకా పైయెత్తున ఎర్రగానూ వెలుగుతాయి. నత్రజని నీలి, ఊదా ఛాయలనిస్తుంది. నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండ్ 20వ శతాబ్దపు తొలి ఏండ్లలో గాలి తీసేసిన గాజుపెట్టెలో అయస్కాంతపు గోళాన్ని ఉంచి, దానిపైకి ఎలక్ట్రాన్లను పంపి, ధ్రువాల చుట్టూ వెలుగు పుట్టించి చూపాడు. ఆ దేశం తరువాత ఆయన బొమ్మను 200 క్రోనర్ల నోటుపై ముద్రించుకొంది.

సూళ్లూరుపేటలో ఈ వెలుగు కనబడకపోవడానికి కారణం చలి లేకపోవడం కాదు. దక్షిణ భారతంలో అయస్కాంత బలరేఖలు దాదాపు నేలకు సమాంతరంగా ఉంటాయి. వాటి వెంట కణాలు కిందికి దిగలేవు. మహా సౌర తుఫానులు చెలరేగినప్పుడు మాత్రం కాంతి హద్దు దక్షిణానికి జరుగుతుంది. 2024 మే 10, 11 తేదీల రాత్రి లడఖ్‌లోని హాన్లే వద్ద ఆకాశపు అంచు ఎర్రబారింది.

చూసేవారికి పండుగైన అటువంటి రాత్రి విద్యుత్తు శాఖలకు గుబులు పుట్టిస్తుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో సుమారు 60 లక్షల మంది గంటల తరబడి చీకటిలో ఉండిపోయారు. 2022 ఫిబ్రవరిలో అమెరికా సంస్థ ఒకటి ఒకేసారి పంపిన 49 ఉపగ్రహాలలో అధికభాగం, తుఫాను వేడికి ఉబ్బిన పైవాతావరణంలో చిక్కి కాలిపోయాయి. ఉపగ్రహాలను పంపే శ్రీహరికోటకు ఇది పరాయివారి సంగతి కాదు.

సూళ్లూరుపేట నుండి పులికాట్ మీదుగా వేసిన బాటనే శ్రీహరికోట చేరాలి. అక్కడి నుండి 2023 సెప్టెంబరు 2న ఉదయం 11 గంటల 50 నిమిషాలకు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఆదిత్య-ఎల్1 నౌకను మోసుకుపోయింది. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుని వైపున ఉన్న ఎల్1 బిందువు చుట్టూ కక్ష్యలో చేరింది. అందులోని ఏడు పరికరాలలో కొన్ని సూర్యుని చూస్తాయి; కొన్ని తమను తాకిపోయే సౌరపవనాన్నే కొలుస్తాయి. ఇతర దేశాల నౌకలు 1990ల నుండే అక్కడ కాపున్నాయి. ఆ చోటును దాటిన పవనం మామూలు వేగంతో భూమిని చేరడానికి గంట పడుతుంది. పెను తుఫానైతే అరగంట చాలు. ట్రోమ్సోలో బస్సు నడిపేవాడు చేతిఫోనులో చూసి, "ఇక దిగండి, టోపీలు పెట్టుకోండి" అనేది ఇటువంటి కాపలాదారుల కబురును బట్టే.

సూర్యుని ఉధృతి సుమారు 11 ఏండ్లకొకసారి హెచ్చి తగ్గుతుంది. ప్రస్తుత చక్రం ఉచ్చస్థితికి చేరిందని 2024 అక్టోబరులో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తగ్గు ఏండ్లలోనూ ట్రోమ్సో యాత్ర వృథా కాదు. ఆ పట్టణం ధ్రువకాంతి వలయం కిందనే ఉంది. పోదలచినవారు సెప్టెంబరు, మార్చిల నడుమ, వీలైతే నాలుగైదు రాత్రులు చేతిలో ఉంచుకొని పోవడం మేలు. మబ్బు మాట మాత్రం ఎల్1 దగ్గరి నౌకలేవీ చెప్పలేవు.