దానం చేరవలసిన చోటు: కంబోడియా అనాథాశ్రమాలు, విదేశీ సహాయం

కంబోడియాలోని తా ప్రోమ్ ఆలయం మన పాఠకులకు అపరిచితం కాదు. ఏడవ జయవర్మ తన తల్లిని ప్రజ్ఞాపారమిత రూపంలో ప్రతిష్ఠించిన ఆ రాజవిహారం పునరుద్ధరణలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రెండు దశాబ్దాలుగా పాలుపంచుకుంటున్నది. క్రీ.శ. 1186 నాటి అక్కడి సంస్కృత శాసనం రాజ్యంలోని 102 వైద్యశాలలను పేర్కొంటుంది. వాటి పోషణకు 838 గ్రామాలను కేటాయించిన సంగతిని, ఏ ద్రవ్యం ఎంత సమకూర్చవలెనో లెక్కతో సహా చెబుతుంది. దానం ఎవరికి, దేనికి, ఎంత, ఎవరి ద్వారా అన్న నాలుగు ప్రశ్నలకూ ఆ శిలపై సమాధానం ఉంది.

ఆ ఆలయానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని సియెమ్ రీప్ పట్టణంలో గడచిన మూడు దశాబ్దాలలో మరొక విధమైన దానం విస్తరించింది. విదేశీ స్వచ్ఛంద సేవకులు, విద్యార్థి బృందాలు, ధార్మిక సంఘాల సభ్యులు చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి అక్కడి అనాథాశ్రమాలను పోషిస్తూ వచ్చారు. ఆ దానం ఎలా పనిచేసిందో, ఎక్కడ దారి తప్పిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1975–79 మధ్య ఖ్మేర్ రూజ్ పాలన లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ఆనాటి అనాథలు నిజమైన అనాథలే. 1991 పారిస్ ఒప్పందాలతో శాంతి నెలకొనడం మొదలైంది, 1992లో అంగ్కోర్ ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది, పర్యాటకులు వెల్లువెత్తారు. ఆలయాలు చూడవచ్చినవారు పేదరికాన్నీ చూశారు. స్వదేశం చేరి విందులు, పరుగు పందేలు, పాత వస్తువుల అమ్మకాలు ఏర్పాటు చేసి, వచ్చిన సొమ్ము పంపారు. దానితో బియ్యం, దోమతెరలు, బడి పుస్తకాలు సమకూరాయి. వారి ఔదార్యాన్ని శంకించవలసిన పనిలేదు.

అయితే యుద్ధం ముగిసి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గవలసిన ఆశ్రమాలు పెరిగాయి. 2005–2010 మధ్య వాటి సంఖ్య 75 శాతం పెరిగి 269కి చేరిందని 2011లో వెలువడిన యునిసెఫ్ అధ్యయనం తెలిపింది. వాటిలోని పిల్లలలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి తల్లిదండ్రులలో కనీసం ఒకరైనా జీవించి ఉన్నారు.

దీనికి కారణం ధన ప్రవాహపు దిశ. గ్రామంలోని పేద తల్లికి అందని భోజనం, చదువు, ఇంగ్లీషు పాఠాలు పట్టణంలోని ఆశ్రమంలో దొరుకుతున్నాయి. బిడ్డను ఇంట ఉంచుకుంటే సహాయం లేదు. ఆశ్రమానికి అప్పగిస్తే ఉంది. మరోవైపు, పిల్లల సంఖ్యను బట్టి విరాళం వచ్చే చోట సంఖ్యను తగ్గించుకోవాలన్న కోరిక నిర్వాహకులకు కలగదు. కొందరు పల్లెలకు వెళ్లి పిల్లలను సేకరించారు. మరికొందరు సందర్శకుల ముందు వారి చేత నృత్యాలు చేయించారు. అనాథ కోసం పుట్టిన దానం తల్లి ఉన్న బిడ్డను అనాథగా మార్చింది.

బిడ్డకు కలిగే నష్టం కంటికి కనబడదు. రెండు వారాలు ఉండి వెళ్లే సేవకుడు ప్రేమగా ఆడిస్తాడు, వెళ్లిపోతాడు, మరొకరు వస్తారు. చేరదీయడం, విడిచిపోవడం పసి మనసుకు నిత్యకృత్యమవుతుంది. రుమేనియా రాజధాని బుకారెస్టులో 136 మంది శిశువులపై 2000 సంవత్సరం తరువాత సాగిన ప్రసిద్ధ పరిశోధన, సంస్థలలో పెరిగినవారి కంటే పెంపుడు కుటుంబాలకు చేరినవారి బుద్ధివికాసం మెరుగ్గా ఉన్నట్లు చూపింది.

ఈ అవగాహన క్రమంగా చట్టాలలోకి వచ్చింది. కంబోడియా ప్రభుత్వం 2006లోనే సంస్థాగత సంరక్షణను చివరి మార్గంగా పరిగణించాలని విధానం ప్రకటించింది. 2015లో ఆశ్రమాల నియంత్రణకు ఉత్తర్వు తెచ్చి, ఐదు ప్రాంతాలలోని ఆశ్రమాల నుండి 30 శాతం పిల్లలను కుటుంబాలకు చేర్చే లక్ష్యం పెట్టుకున్నది. 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చిన సందర్భంలో ఆస్ట్రేలియా, లాభం కోసం పిల్లలను ఆశ్రమాలకు తరలించడాన్ని బానిసత్వపు రూపంగా గుర్తించింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం కూడా ఆశ్రమాల చుట్టూ అల్లుకున్న స్వచ్ఛంద పర్యాటకం వల్ల కలిగే హానిని ప్రస్తావించింది.

అంటే విదేశీ పిల్లలకు సహాయం మానుకోవాలా? కాదు. అకస్మాత్తుగా విరాళం ఆపితే ముందుగా పస్తులుండేది ఆశ్రమంలోని బిడ్డే. మారవలసింది దాని గమ్యం. ఒక చిన్న బృందం నిధి పంపే ముందు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవచ్చు. ఆ సంస్థ స్థానిక ప్రభుత్వం వద్ద నమోదైనదా? ఎందరు పిల్లలకు తల్లిదండ్రులు ఉన్నారు? ఏడాదిలో ఎందరిని ఇళ్లకు చేర్చింది? బయటివారిని నేరుగా పిల్లల వద్దకు పంపుతుందా? లెక్కలు చూపుతుందా? సమాధానాలు తృప్తికరమైతే, ఆ సొమ్మును కుటుంబాల పునరేకీకరణకు, స్థానిక సామాజిక కార్యకర్తల వేతనాలకు, బిడ్డ ఇంట ఉండి చదువుకునే ఖర్చుకు వినియోగించమని కోరవచ్చు. మన దేశంలోనూ మిషన్ వాత్సల్య పథకం అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయాన్ని కుటుంబంలోనే అందించేందుకు వీలు కల్పించింది. విదేశాలలో స్థిరపడి సేవా నిధులు సేకరించే తెలుగు సంఘాలకు కూడా ఈ దారి అనుసరణీయం.

పాలి వాఙ్మయంలో 'విచేయ్య దానం' అన్న మాట ఉంది: విచారించి, వివేచించి ఇచ్చేది అని అర్థం. కరుణ దానానికి ప్రేరణ కాగా, ప్రజ్ఞ దానికి దారి చూపుతుంది. తా ప్రోమ్ శాసనకర్త అడగకుండానే చెప్పిన లెక్కను నేటి దాత అడిగి తెలుసుకోవలసి వస్తున్నది. ఆ అడగడం అవిశ్వాసం కాదు. బిడ్డ పట్ల బాధ్యత.