కోల్‌కతాలో హెచ్.డి. టెలివిజన్: తేటైన చిత్రం, తగిన ఖర్చు

నాటి కలకత్తా నగరంలో టెలివిజన్ ప్రసారాలు 1975 ఆగస్టు 9వ తేదీన ఆరంభమైనవి. టాలీగంజ్‌లోని రాధా స్టూడియో తొలి కేంద్రముగా పనిచేసినది. 1986లో దూరదర్శన్ అక్కడి నుండి గోల్ఫ్ గ్రీన్‌లోని సొంత భవనానికి తరలినది. అదే 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరకాలం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు ఎ.టి.ఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందినవి. ఒక విచిత్రం గమనింపదగినది. మహానగరవాసి నేల మీది ఎత్తైన స్తంభం నుండి వచ్చే ప్రసారాన్ని చూస్తున్న రోజులలో మన పల్లెవాసి నేరుగా ఆకాశం నుండి అందుకున్నాడు. హైదరాబాదు నగరానికి స్వంత కేంద్రం 1977 అక్టోబరు 23న గాని రాలేదు.

ఈనాడు పాత పద్ధతి భూతల ప్రసారాలు దాదాపు పూర్తిగా నిలిచిపోయినవి. కోల్‌కతా ఇళ్ళకు సైతం చిత్రం డిష్ ద్వారానో, వీధి కేబుల్ ద్వారానో, ఇంటర్నెట్ ద్వారానో చేరవలసిందే. సెట్టు కొనడం సులువైనది. ఆ సెట్టుకు తగిన చిత్రాన్ని, భరించగల ఖర్చుతో రప్పించుకోవడమే చిక్కు. దీనిని విడదీసి చూడాలంటే ముందుగా హెచ్.డి. అనగా ఏమిటో తెలియాలి.

దూరదర్శన్ మొదటి నుండి అనుసరించిన పద్ధతిలో చిత్రం 625 గీతలతో ఏర్పడేది. అందులో బొమ్మను మోసేవి 576 మాత్రమే. డిజిటల్ లెక్కలో ఇది అడ్డంగా 720, నిలువుగా 576 బిందువులు, మొత్తం 4,14,720. హెచ్.డి. చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. మైదానం అంతా ఒకేసారి చూపే దృశ్యంలో పాత చిత్రం ఆటగాడి చొక్కా మీది సంఖ్యను మసకగా చూపితే, కొత్త చిత్రం ఆ సంఖ్యను చదవనిస్తుంది. 1986లో మెక్సికో ప్రపంచ కప్ పోటీలను అర్ధరాత్రి వేళ పాత సెట్ల మీద చూసి మారడోనాను తమవాడిని చేసుకున్న నగరానికి ఈ తేడా చిన్నది కాదు.

వంగభాషలో చిత్రాన్ని ‘ఛబి’ అంటారు. సినిమాకు కూడా అదే మాట. సంస్కృత ‘ఛవి’ దానికి మూలం. హిందీలో ‘ఛవి’ రూపాన్ని, ప్రతిబింబాన్ని సూచిస్తే, తెలుగు కావ్యాలలో ఆ పదానికి కాంతి అని అర్థం. అనువాదకులను తికమక పెట్టే మాట ఇది. అయినా టెలివిజన్ విషయంలో మూడు అర్థాలూ పొసగుతున్నవి.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందంటే, కుదించని హెచ్.డి. చిత్రం సెకనుకు సుమారు 150 కోట్ల బిట్ల సమాచారం. అంతటి ప్రవాహాన్ని ఇంటింటికి పంపడం సాధ్యం కాదు. అందువల్ల, గడచిన క్షణానికీ ఈ క్షణానికీ మధ్య మారిన భాగాలను మాత్రమే పంపడం, కంటికి ఆనని వివరాలను వదలివేయడం వంటి ఉపాయాలతో దానిని నూరు పాళ్ళకు మించి కుదిస్తారు. వార్తలు చదివే మనిషి వెనుక గోడ కదలదు; కుదింపు తేలిక. పరుగెత్తే ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి, జనం, బంతి అన్నీ కదులుతవి. అక్కడ కుదింపు మితిమీరితే గడ్డి పచ్చటి పూతగా మారిపోతుంది. పేరుకు హెచ్.డి. అయిన చానెళ్ళన్నిటిలో చిత్రం ఒకే తీరుగా ఉండకపోవడానికి కారణం ఇదే.

వినియోగదారులు సాధారణంగా పొరబడే చోటు ఒకటున్నది. అనలాగ్ కాలంలో సిగ్నల్ బలహీనపడితే తెర మీద మంచు కురిసినట్లు చుక్కలు నిండేవి. బొమ్మ క్రమంగా మసకబారేది. డిజిటల్ ప్రసారం అట్లు కాదు. సిగ్నల్ ఒక హద్దు వరకు ఎంత తగ్గినా చిత్రం చెక్కుచెదరదు. హద్దు దాటగానే గళ్ళు గళ్ళుగా పగిలి, నిలిచిపోయి, చివరకు మాయమవుతుంది. కాబట్టి చిత్రం పగులుతుంటే లోపం డిష్‌లోనో, తీగలోనో, అతుకులలోనో వెదకాలి. చిత్రం పగలకుండా కేవలం మసకగా ఉన్నదా, డిష్ మార్చి ప్రయోజనం లేదు. ఆ లోపం ప్రసారం చేసేవారి కుదింపులోనో, ఇంటి లోపలి అమరికలోనో ఉంటుంది.

ఇంటి లోపలి అమరిక అనగా పెద్ద విషయమేమీ కాదు. పసుపు, ఎరుపు, తెలుపు కొసలు గల పాత తీగతో బాక్సును సెట్టుకు కలిపితే, ఎంత ఖరీదైన సెట్టు అయినా పాత తరహా చిత్రాన్నే చూపుతుంది. పసుపు తీగకు హెచ్.డి.ని మోసే శక్తి లేదు, హెచ్.డి.ఎం.ఐ. తీగ కావలసిందే. చానెల్ కూడా హెచ్.డి.ది అయి ఉండాలి; ఒకే చానెల్ రెండు రూపాలలో రెండు సంఖ్యల మీద వస్తుంది. మూడవది దూరం. హెచ్.డి. వివరమంతా కంటికి ఆనవలెనంటే తెర ఎత్తుకు సుమారు మూడు రెట్ల దూరంలో కూర్చోవాలి. 32 అంగుళాల సెట్టుకు ఇది నాలుగు అడుగులు మాత్రమే. పది అడుగుల దూరం నుండి అటువంటి సెట్టును చూసే కుటుంబం నెలనెలా హెచ్.డి. కోసం అదనంగా చెల్లించడం, నా అభిప్రాయంలో, అనవసరపు వ్యయమే.

ఇప్పుడు ఇంటి కప్పు మీదికి వెళదాము. దూరదర్శన్ వారి ‘డీడీ ఫ్రీ డిష్’ ప్రసారాలు తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల వద్ద నిలిచిన జీశాట్-15 ఉపగ్రహం నుండి వస్తున్నవి. కోల్‌కతా నుండి చూస్తే అది దక్షిణం నుండి తూర్పుకు సుమారు 13 డిగ్రీల దిశలో, క్షితిజం మీద దాదాపు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. హైదరాబాదు నుండి చూసినా ఎత్తు ఇంచుమించు అంతే. దిశ మాత్రం ఆగ్నేయం వైపు, దక్షిణం నుండి 42 డిగ్రీలకు జరుగుతుంది. హైదరాబాదు నుండి బదిలీ మీద వచ్చిన కుటుంబం తన డిష్‌ను వెంట తెచ్చుకుంటే వంపును పెద్దగా కదల్చనక్కరలేదు, పక్కకు తిప్పితే చాలును. ప్రైవేటు సంస్థలు వాడే ఉపగ్రహాల స్థానాలు వేరు. వాటి దిశలూ వేరు.

ఉత్తర కోల్‌కతాలోని ఇరుకు సందులలో, ఒకదానినొకటి ఆనుకొన్న పాత మేడల మధ్య, డిష్‌కు ఆకాశం కనబడదని పలువురు నిరాశపడతారు. 63 డిగ్రీల ఎత్తు చాలా ఉపకరించే ఎత్తు. ఎదుటి భవనం పది మీటర్ల దూరంలో ఉంటే, అది డిష్ కన్న ఇరవై మీటర్లు ఎత్తుగా ఉన్నప్పుడే అడ్డుపడుతుంది. ఉత్తరం వైపు వరండా మాత్రమే గల అద్దె ఇంటివారికి మేడ పైకప్పు మీద చోటు అడగడం తప్ప మార్గం లేదు.

వాన మరొక అడ్డంకి. ఈ ప్రసార తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్ల ప్రాంతం. కొన్ని మిల్లీమీటర్ల చినుకులు వాటిని మింగి, చెదరగొట్టగలవు. చైత్ర వైశాఖాలలో విరుచుకుపడే ‘కాల్‌బైశాఖీ’ గాలివానలోను, ఆషాఢ శ్రావణాల కుండపోతలోను తెర కొద్ది నిముషాలు ఖాళీ అవుతుంది. 60 సెంటీమీటర్ల డిష్‌కు బదులు 90 సెంటీమీటర్లది అమర్చితే రెండింబావు రెట్ల సిగ్నల్ చేరుతుంది. చిన్న వానలకు చెదరదు. ఒక్కసారి పెట్టే ఖర్చు కాబట్టి ఇది తగినదే. అయితే భోరున కురిసే వానకు ఏ డిష్ కూడా నిలువదు.

వీధి కేబుల్‌కు వాన బాధ తక్కువ. కోల్‌కతాలో ‘పాడా’ అనగా పేట. పేట పేటకూ ఒక కేబుల్ నిర్వాహకుడుంటాడు. 2006 డిసెంబరు 31 నుండి నగరంలోని కొంత భాగంలో చెల్లింపు చానెళ్ళకు సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయినది. 2012లో నాలుగు మహానగరాలలో అనలాగ్ కేబుల్‌ను నిలిపివేయడానికి జూన్ 30గా ఉన్న గడువు అక్టోబరు 31కి పొడిగింపబడినది. కోల్‌కతాలో రాష్ట్ర ప్రభుత్వం మరింత వ్యవధి కోరినందున మార్పు ఇంకొంత ఆలస్యమైనది. కేబుల్ ఇళ్ళలో సాధారణ దోషం చీలికలది. ఒక తీగను రెండు గదులకు చీల్చితే ఒక్కొక్క దానికి సగం కన్న తక్కువ సిగ్నల్ చేరుతుంది. తేమకు త్రుప్పు పట్టిన అతుకు దానికి తోడైతే పగుళ్ళు ఖాయం. అతుకును మార్చడానికి అయ్యేది స్వల్పమే.

ఖర్చు విషయానికి వస్తే, ఉపగ్రహంలోను కేబుల్‌లోను చోటు పరిమితం, హెచ్.డి. చానెల్ ఆ చోటును ఎక్కువగా ఆక్రమిస్తుంది. 2019 ఫిబ్రవరి 1 నుండి అమలైన ట్రాయ్ ధరల విధానంలో తొలి 100 చానెళ్ళకు, పన్నులు గాక, నెలకు 130 రూపాయల గరిష్ఠ రుసుము నిర్ణయింపబడినది. అందులో ఒక హెచ్.డి. చానెల్‌ను రెండుగా లెక్కించారు. చెల్లింపు చానెళ్ళ వెల దీనికి అదనం. 2024లో ఈ రుసుముపై గరిష్ఠ పరిమితిని తొలగించి నిర్ణయాన్ని సంస్థలకే విడిచిపెట్టారు. కనుక సంస్థల ధరలను పోల్చి చూసుకొనే భారం ఇప్పుడు వినియోగదారునిదే.

ఆకాశ తరంగాలు ఎవరివన్న ప్రశ్న ఈ నగరంలోనే తలెత్తినది. 1993 నవంబరులో బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్ పోటీలను నిర్వహించి, ప్రసార హక్కులను ఒక విదేశీ సంస్థకు ఇచ్చినది. దూరదర్శన్, ప్రభుత్వం అభ్యంతరం తెలిపినవి. ఈడెన్ గార్డెన్స్‌లో ఆట ముగిసినా వ్యాజ్యం ముగియలేదు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు వెలువరిస్తూ, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అనియు, ప్రజాహితం కొరకు ఒక స్వతంత్ర సంస్థ వాటిని నియంత్రించవలెననియు పేర్కొన్నది. ఆ ధర్మాసనంలో వేరుగా తీర్పు వ్రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినవారు. జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రసారాన్ని ప్రైవేటు చానెళ్ళు ప్రసారభారతితో పంచుకోవలెనని 2007లో చట్టం వచ్చినది. నెలచందా లేని ఇంటివారు ఆ పోటీలను దూరదర్శన్‌లో చూడగలగడం ఆ చట్టం వల్లనే.

నెలచందా లేని ఆ మార్గం 2004 డిసెంబరులో ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ పేర 33 చానెళ్ళతో మొదలైనది. అదే నేటి ఫ్రీ డిష్. డిష్, బాక్సు వెల ఒక్కసారి పెట్టుకుంటే చాలును. 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలతో దూరదర్శన్ హెచ్.డి. ప్రసారం ఆరంభించినది. అయితే ఫ్రీ డిష్‌లో అనేక చానెళ్ళు ఇప్పటికీ ఎంపెగ్-2 అనే పాత కుదింపు పద్ధతిలో, పాత తరహా చిత్రంతోనే వస్తున్నవి. దేశంలో కోట్లాది పాత బాక్సులు ఆ పద్ధతినే గ్రహించగలవు. ప్రేక్షకులు అక్కడున్నంత వరకు చానెళ్ళూ అక్కడే ఉంటవి. హెచ్.డి. చానెళ్ళు ఎంపెగ్-4 పద్ధతిలో వస్తున్నందున పాత బాక్సుకు కనిపించవు. చాందనీ చౌక్ అంగళ్ళలో బాక్సు కొనేవారు ఎంపెగ్-4 రకమేనా అని అడిగి తీసుకోవాలి. అటువంటి బాక్సుతో డీడీ నేషనల్ హెచ్.డి. కనిపిస్తుంది. అదే డిష్ మీద సప్తగిరి, యాదగిరి కార్యక్రమాలు సాధారణ చిత్రంతో తెలుగిళ్ళకు చేరుతున్నవి.